మస్సావా దారిలో ఎక్స్‌రే ట్యూబు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, నన్ను ఎరిట్రియా పంపారు. అప్పటికి జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఎక్స్‌రే యంత్రాల సర్వీసు విభాగంలో సీనియర్ ఇంజనీరును. ఎర్ర సముద్రం ఒడ్డున మస్సావా రేవులో ఒక ఆసుపత్రి యంత్రానికి ట్యూబు కాలిపోయి నాలుగు నెలలైంది. ఎముక విరిగినవాళ్లను కొండలెక్కించి రాజధాని అస్మారాకు పంపుతున్నారు. కొత్త ట్యూబు అమర్చి రావడం మా పని. సాఫ్ట్‌వేర్ చూసుకోవడానికి మా విభాగంలోనే పనిచేసే కరీంనగర్ అమ్మాయి శ్రావణి వచ్చింది.

అక్కడ విదేశీయులు రాజధాని దాటాలంటే అనుమతి పత్రం ఉండాలి. మాకిచ్చింది ఒక్క రోజుకు. సాయంత్రం ఆరింటికల్లా తిరిగి రావాలి. మొబైల్‌లో ఇంటర్నెట్ లేదు కనుక ఎర్లాంగెన్‌ను సలహా అడిగే వీలూ లేదు.

"వీసా టెర్మిన్ కోసమే ఆరు వారాలు తిరిగినం మేడం. ఒక్క దినంల ఎట్లయితది?" అంది శ్రావణి. టెర్మిన్ అంటే జర్మన్‌లో అపాయింట్‌మెంటు. అవుతుందన్నాను.

ఉదయం ఏడింటికి బయల్దేరాం. అస్మారా ఏడువేల అడుగులకు పైన ఉంటుంది. అక్కడి నుంచి దారి మలుపులు తిరుగుతూ, మబ్బుల్లోంచి సముద్రానికి దిగుతుంది. ట్యూబు పెట్టెను వెనక సీటుకు బెల్టులతో కట్టాం. లోపల ఉండేది గాలి తీసేసిన గాజు బుడ్డి. అందుకే పెట్టె మీద ఒక చీటీ అంటిస్తారు. గట్టి కుదుపు తగిలితే అది ఎర్రబడుతుంది.

మా ఆఫీసు పంపిన జాబితాలో శ్రావణి పాస్‌పోర్టు నంబరు ఒక అంకె తప్పుగా పడింది. తనిఖీ గేటు దగ్గర అధికారి మర్యాదగానే మాట్లాడాడు కానీ, అస్మారాకు ఫోను కలిసేదాకా కదలనివ్వలేదు. రెండు గంటలు పోయాయి.

ఆ సమయం రాబట్టాలని, కాస్త వేగంగా పోనివ్వమన్నాను. మా డ్రైవర్ టెస్ఫాయ్ అరవై ఏళ్ల మనిషి. ఈ మబ్బులో వద్దన్నాడు. మళ్లీ చెప్పాను. కాసేపటికి ఒక మలుపులో లారీ ఎదురైంది. బ్రేకు గట్టిగా వేయాల్సి వచ్చింది. కారు ఆగాక ముగ్గురం వెనక్కి చూశాం. చీటీ ఎర్రగా ఉంది.

తప్పు నాదని టెస్ఫాయ్‌తో చెప్పాను. అతను ఆపైన దారంతా తనకు తోచిన వేగంతోనే నడిపాడు, నేను తొందరపెట్టలేదు.

మస్సావా చేరేసరికి పన్నెండు. ఎక్స్‌రే తీసే సాబా అనే ఆవిడ పాత ట్యూబు విప్పించి, గది తుడిపించి ఉంచింది. పెట్టె తెరిచి చూస్తే, అదృష్టవశాత్తు కొత్త ట్యూబు గాజు పగల్లేదు. ఒంటిగంటన్నరకు బిగించాం.

అసలు పని అప్పుడు మొదలైంది. కొత్త ట్యూబుకు వోల్టేజిని మెట్టుమెట్టుగా అలవాటు చేయాలి. కుదుపు తగిలినదానికి మరీ నెమ్మదిగా. కరెంటు చూపే ముల్లు నిలకడగా ఉంటేనే పై మెట్టు. ఊగితే ఒక మెట్టు దిగి ఆగాలి. తొందరపడితే లోపల నిప్పురవ్వ లేచి ట్యూబు పోతుంది. మూడు గంటల పని. మాకున్నది గంటన్నర.

"సగం స్టెప్స్ స్కిప్ చేద్దాం మేడం. ట్యూబ్ పోతే మళ్లొద్దాం," అంది శ్రావణి.

"మళ్లీ అంటే ఇంకో నాలుగు నెలలమ్మా. ఒక్క మెట్టు కూడా వదలొద్దు," అన్నాను.

ఈ పని ఇంజనీరే చేయాలని, బయటివారికి అప్పగించకూడదని మా నిబంధన. ముప్పై ఏళ్లలో దాన్ని ఎన్నడూ మీరలేదు. ఆ రోజు యంత్రం ముందు కుర్చీలోంచి లేచి సాబాను కూర్చోబెట్టాను. నేను వెనక నిలబడ్డాను. ఐదో మెట్టులో ముల్లు వణికింది. నేను చెప్పేలోపే ఆమె ఆపి, ఒక మెట్టు దిగింది. మిగతా మెట్లన్నీ శ్రావణి పెద్ద అంకెలతో రాసి గోడకు అంటించింది. మిగతా పని సాబాకు వదిలి మూడింటికి బయల్దేరాం.

"ఒక్కతే చేస్తదంటరా మేడం?" అని కొండ ఎక్కుతుంటే అడిగింది శ్రావణి.

"చేస్తుంది," అన్నాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు హోటల్ ఫోనుకు సాబా చేసింది. ముల్లు ఇంకో మూడుసార్లు ఊగిందట. మూడుసార్లూ దిగి, ఆగి, మళ్లీ ఎక్కిందట. పొద్దున్నే ఒక రేవు కూలీ మణికట్టుకు ఎక్స్‌రే తీశానని చెప్పింది.

రిపోర్టులో రెండూ రాశాను: వేగంగా పొమ్మన్నదీ, పని అప్పగించినదీ. మొదటిదానికి మందలింపు వచ్చింది. రెండోదానికి వివరణ అడిగారు, ఇచ్చాను.

దారి తెలిసినవాడు వద్దంటే రెండోసారి చెప్పకూడదని ఆ ప్రయాణంలో నేర్చుకున్నాను. ఇంకొకటి, మేం వచ్చేసినా యంత్రం అక్కడివాళ్లతోనే ఉంటుంది. మిగిలిన రెండేళ్లూ ఏ ఆసుపత్రికి వెళ్లినా, మొదటి గంటలోనే అక్కడి మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాను.