ఐసుకు అలవాటైన చేతులు

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మృగశిర కార్తె నాడు దుర్గయ్యకు దొరికేది నిలబడే పని. కొర్రమీను పిల్లలున్న తొట్టి ముందు నిలబడాలి. చేతిజాలీతో ఒక్కో పిల్లను తీసి, నీళ్ళున్న కవరులో వేసి, వరుసలో వచ్చినవాళ్ళకు ఇవ్వాలి. వాళ్ళు ఆ కవరుతో ముందుకెళితే, మందు పెట్టేవాళ్ళు చేపపిల్ల నోట్లో మందు ఉంచి, ప్రాణంతోనే రోగి గొంతులోకి జారవిడుస్తారు. ఉబ్బసం, దమ్ము రోగం ఉన్నవాళ్ళు మూడేళ్ళు వరుసగా మింగాలంటారు. నడుమ ఒక ఏడు తప్పితే మళ్ళీ మొదటికే.

దుర్గయ్య భార్య పోశవ్వకు ఇది మూడో ఏడు.

"ఈ ఒక్కపారి మింగితే అయిపాయె," అన్నది ఆమె, తెల్లవారకముందే బేగంబజార్‌లోని కిరాయి గదికి తాళం వేస్తూ. ఆ నాలుగు మాటలకే నడుమ ఊపిరి కోసం ఆగింది.

"లైనెందుకు? సీదా నా తొట్టికాడికి రా."

"నీ పెండ్లాన్నని ముందటికొస్తే నలుగురు నిన్నే అంటరు. అందరితోనే వస్త."

మైదానంలో ఆమె జనంలోకి, అతను తొట్టి దగ్గరికి వెళ్ళారు.

పొద్దున చల్లగా ఉన్నంతసేపూ చేపపిల్లలు తొట్టి నిండా దేనికది తిరిగాయి. ఎండ రాగానే, పైన కట్టిన పచ్చజాలీ నీడ ఏ మూల పడితే ఆ మూలకు చేరాయి. చెయ్యి నీడ పడితే అన్నీ ఒక్కసారే అడుగుకు మునిగేవి. కొర్రమీనుకు నీళ్ళలో ఊపిరి చాలదు, పైకొచ్చి గాలి గుటకెయ్యాలి. ఒకటి పైకొస్తే దాని పక్కది, దాని పక్కది. చెరువు గట్టు మీద పుట్టిన దుర్గయ్యకు ఇది ఎవరో చెప్పగా తెలిసింది కాదు. నీళ్ళ మీద కొర్రపిల్లల గుంపు ఎర్రగా తేలితే, కింద తల్లి కాపు కాస్తున్నదని చూపిస్తూ వాళ్ళ నాయిన మాట్లాడొద్దని సైగ చేసేవాడు. ఆ చెరువు ఎండిపోయి చాలా కాలమైంది.

పదిగంటలకు ఎండ ముదిరింది. కార్తె వచ్చినా మబ్బు జాడ లేదు. షామియానా నీడ వరుస ముందు భాగానికే ఉంది. వెనక ఎండలో ఉన్నవాళ్ళు ఆ నీడలోకి జరిగి జరిగి ఒకరి మీద ఒకరు పడుతున్నారు. వరుసకు అడ్డంగా కట్టిన వెదురు దడి కిర్రుమంటున్నది.

"దూరం దూరం నిలబడున్రి!" అని వలంటీరు విజయేందర్ విజిల్ ఊదాడు.

"నీడల నిలబడి బాగనే చెప్తున్నవ్ బిడ్డా, గీడికొచ్చి చెప్పు!" అన్నాడొక ముసలాయన. చుట్టుపక్కల వాళ్ళు నవ్వబోయి దగ్గారు.

ఆ ముద్దలో పోశవ్వ కనిపించింది. ముఖం పైకెత్తి, నోరు తెరుచుకొని ఉంది. ఎవరూ తోయడం లేదని దుర్గయ్యకు అర్థమైంది. అందరూ నీడకు వస్తున్నారు, అంతే.

తొట్టి మీది పచ్చజాలీ విప్పి విజయేందర్ చేతిలో పెట్టాడు. "ఇది ఆళ్ళ మీద కట్టు."

"మరి చేపలకు, కాకా?"

"చేపలకు నీళ్ళున్నయి. ఆళ్ళకేమున్నది?"

జాలీ వెనకవాళ్ళ మీదికి వెళ్ళింది. కాసేపటికి గుంపు తనంతట తానే సడలింది. పోశవ్వ నోరు మూసుకున్నది. దుర్గయ్య కూడా గట్టిగా ఊపిరి వదిలాడు.

ఇప్పుడు ఎండంతా తొట్టిలో పడింది. పోవడానికి నీడ లేక పిల్లలు అంచు వెంట గిరగిరా తిరిగాయి. అన్నీ ఒకేసారి పైకి వచ్చాయి. రెండు బయటికి దూకాయి. నీళ్ళు ముట్టుకుంటే చెయ్యి వేడెక్కింది. చీకటితో నిలబడ్డ మోకాళ్ళు గుంజుతున్నాయి, తల మొద్దుబారింది. వెనక వలంటీర్ల మంచినీళ్ళ డ్రమ్ము పక్కన గోనెసంచిలో ఐసుగడ్డ ఉంది. దుర్గయ్య వెళ్ళి దాన్ని ఎత్తుకొచ్చి తొట్టిలో వేశాడు.

ఆలోచించి చేసింది కాదు. ముప్పై ఏళ్ళుగా బేగంబజార్ చేపల మార్కెట్‌లో అతని చేతులకు తెలిసిన పని అదొక్కటే. చేప వేడెక్కితే ఐసు.

తొట్టి ఒక్కసారిగా నెమ్మదించింది. పిల్లలన్నీ ముద్దగా దగ్గరపడ్డాయి. హమ్మయ్య అనుకొని ఇంకో ఇద్దరికి కవర్లు ఇచ్చాడు. ఆ తరువాత గమనించాడు, గాలికి ఏదీ పైకి రావడం లేదు. ముద్ద ముద్దగానే అడుగుకు దిగుతున్నది. చేతిజాలీలోకి వచ్చినవి వంకర తిరిగి, తోకైనా ఆడించకుండా పడి ఉన్నాయి.

పక్క తొట్టి అంజన్ తొంగిచూశాడు. "అన్నా, ఏమేసినవ్ అండ్ల?"

"ఐసు."

"బతికున్నవాట్ల ఐసేస్తరానే! చెర్ల పుట్టినోడివేనా నువ్వు?"

దుర్గయ్య ఐసు తీసి పారేశాడు. పైకి రావడానికి దూరం తగ్గాలని తొట్టిని వంచి సగం నీళ్ళు ఒలకబోశాడు. అక్కడక్కడ ఒకటి గుటకేసింది. తక్కినవి కదల్లేదు.

అప్పుడే పోశవ్వ వంతు వచ్చింది. చెయ్యి చాపింది.

"లేవు," అన్నాడు దుర్గయ్య, తల ఎత్తకుండా.

"చేపలు అయిపోయినయా?" వెనకాల ఎవరో అరిచారు. దడి మళ్ళీ కిర్రుమంది.

"ఇటు రాన్రి, నా కాడ బొచ్చెడున్నయి!" అని అంజన్ గొంతెత్తాడు. వరుస మొత్తం ఒక్క మలుపుతో అటు తిరిగింది. ఈ తొట్టి ముందు పోశవ్వ ఒక్కతే మిగిలింది.

"నువ్వు గూడ పో. అంజన్‌కు చెప్పి ముందట ఇప్పిస్త."

ఆమె ఆ వరుస పొడవు చూసింది. అందులో తనతోపాటు తెల్లవారి నుంచి నిలబడ్డ ముఖాలున్నాయి. నెమ్మదిగా కూలబడి, తొట్టిలో చెయ్యి పెట్టి, గుటకేస్తున్న పిల్లనొకదాన్ని దోసిట్లోకి తీసుకున్నది.

"ఇది సాలు."

"అది సగం చచ్చింది, పోశవ్వా."

"నేను నిండుగ బతికున్ననా ఏంది? కవర్ల వెయ్యి."

వేశాడు. ఆమె దడి పట్టుకొని ఆగుతూ ఆగుతూ మందు పెట్టే చోటికి నడిచింది. మందు పెట్టే చెయ్యి లేవడం, ఆమె తల వెనక్కి వాలడం మాత్రం అతనికి కనిపించాయి. చేప కదిలిందో లేదో అంత దూరం నుంచి తెలియలేదు.

కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి తొట్టి పక్కన కూర్చున్నది.

"కదిలిందా?"

"గొంతుల జర కొట్టుకున్నది. మూడేండ్లు అయిపాయె." ఆ మాట చెప్పడానికీ ఆమెకు రెండు ఊపిర్లు పట్టాయి.

దుర్గయ్య చచ్చిన పిల్లలను ఏరి బకెట్లో వెయ్యడం మొదలుపెట్టాడు. "వచ్చే ఏడు నన్ను పిలువరు."

"పిలువకపోతే మానె. పొద్దుగాల్నుంచి నిలబడ్డవ్. కూసో."

దుర్గయ్య బకెట్ పక్కకు జరిపి, ఆమె పక్కన, ఎండలోనే కూర్చున్నాడు.