ఆటగోడకి సున్నం వేసిన కథ

ఈ ఘోరం రాయడానికి ఇన్నేళ్లు ఎందుకు ఆగావని అడగకండి. నాకు అక్షరాలే వచ్చేవి కావు. అరవై దాటాక, హిందీవాళ్ల ఊళ్లో ఉక్కు ప్లాంటు పక్కనున్న మా బస్తీ ఖుర్సీపార్‌లో, రిటైరైన ఓ టీచరమ్మ పలక చేతికిచ్చి దిద్దించింది. అక్షరాలు వచ్చాక మంచి మాటలు రాయాలి కదా! నాకేమో ముందు పరువు పోయిన సంగతే గుర్తొచ్చింది. గుండె చిక్కబట్టుకుని చదవండి.

తొంభైల్లో మా ఆయన అక్క, సింహాచలం వదిన, తను పనిచేసే ఆటల క్లబ్బులోనే నన్నూ ఊడ్చే పనికి పెట్టించింది. మా ఆయన ఒకే మాటన్నాడు: "ఒక్క ఫిర్యాదొచ్చిందంటే బందు. ఇంట్లో కూకో." నాకు నాదంటూ దొరికిన మొదటి పని అది. అందుకని భయంభయంగా, ఈగ వాలితే దాన్ని కూడా తుడిచేసేదాన్ని.

అక్కడ స్క్వాష్ అని ఓ ఆట. నాలుగు గోడల మధ్య తలుపేసుకుని ఇద్దరు మగాళ్లు ఎదుటి గోడ మీద పగబట్టినట్టు నల్లబంతిని బాదుతారు. తెల్లగోడల నిండా మచ్చలే. కాస్త పెద్ద బంతితో ఆడితే రాకెట్‌బాల్. దాని మచ్చలు కాస్త పెద్దవి. నాకు తెలిసిన తేడా అంతే.

ఓ శనివారం సెక్రటరీగారు, మన తెలుగాయనే, పిలిచారు. "నరసమ్మా, రేపు రాయపూర్ నుంచి గెస్టు వస్తున్నాడు. నాకూ ఆయనకీ మ్యాచ్. కోర్టు ఏక్‌దమ్ చమక్ అనాలి."

చుట్టాలొస్తే మా శ్రీకాకుళం వైపు ఏం చేస్తాం? గోడకి సున్నం, అడుగున ఎర్రటి జాజుపట్టీ. అంతకన్నా చమక్కు భూమ్మీద ఉందా? సాయంత్రం సున్నం కలిపి కొట్టేశాను. తొందరలో, పొడి రాలకుండా కలిపే జిగురు వేయడం మరిచాను. గోడ మధ్యలో ఎర్రగీతలుంటే, ఎవరో తెలియనివాళ్లు జాజు పైకి వేశారనుకుని వాటినీ కప్పేశాను. అడుగున జాజు నేనే తీర్చి, మూలల్లో తామరపూలు వేశాను.

మర్నాడు వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏటే ఇది? పెళ్లిల్లు సేసినావేటి?"

"బాగుంది గదా వదినా?"

"బాగుంది గానీ, గీతలేయే?"

"ఏ గీతలు?"

"బంతి ఎక్కడ తగలాలో సెప్పే ఎర్రగీతలే!" వదిన నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఈలోగా ఆటగాళ్లు రానే వచ్చారు. గెస్టు తామరపూలు చూసి, "షాదీ హై క్యా?" అని ఆయనా పెళ్లేనా అనడిగాడు. సెక్రటరీగారు పళ్లికిలించి, "నయా పెయింట్" అన్నారు.

మొదటి దెబ్బకి గోడలోంచి పొగ లేచింది. రెండోదానికి బంతి తెల్లబడింది. తెల్లగోడ మీద తెల్లబంతి!

"గేంద్ కహా గయీ?" అని బంతి కోసం గెస్టు.

"ఆప్‌కే పీఛే!" మీ వెనకాలేనని సెక్రటరీగారు.

"నహీ, ఆప్‌కే పాస్!" కాదు, మీ దగ్గరేనని గెస్టు.

ఇద్దరూ తుమ్ముతూ, పిండిమరలో పడ్డ ఎలకల్లా గిరగిరా తిరిగారు. చివరికి గెస్టు మీసాల్లోంచి సున్నం దులుపుకుని, "మై నహీ ఖేలూంగా!" అని, ఆడనంటే ఆడనని రాకెట్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

"ఎవరు చేశారిది?" సెక్రటరీగారి గొంతు ప్లాంటు సైరన్‌లా మోగింది.

"నేనే బాబూ. సుట్టాలొస్తన్నారన్నారు గదా."

"గోడ మళ్లీ మామూలుగా అయ్యేదాకా నాకు కనిపించకు!"

ఇంట్లో మా ఆయన, "సెప్పినానా నేదా? ఇంక కూకో" అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట గెలిచిన సున్నంతోనే రచ్చకెక్కాను. ఏడ్చి ఏడ్చి, దీపం ముందు ఒట్టు పెట్టుకున్నాను: ఎవరడిగినా, అడక్కపోయినా, ఈ జన్మలో సున్నం తమలపాకుకి తప్ప దేనికీ అంటనివ్వను!

మర్నాడు పొద్దున్నే మా ఆయన డ్యూటీకి వెళ్లగానే కొబ్బరిపీచు, బకెట్ పట్టుకుని క్లబ్బుకి పరిగెత్తాను. గోడ తోముతుంటే సెక్రటరీగారొచ్చి, అటూ ఇటూ చూసి తలుపు మూశారు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నరసమ్మా, ఆయన ఆట వదిలేసిపోయాడు కదా, నేను గెలిచినట్టే. ఇన్నేళ్లలో మొదటిసారి!"

"మంచిది బాబూ."

"నీ పనికేం ఢోకా లేదు. ఫిర్యాదేం లేదని మీ ఆయనకి నేనే చెప్తా. కానీ ఆదివారం ఆయన మళ్లీ వస్తాడట. ఆ ముందు మూల సున్నం మాత్రం... కాస్త ఉంచెయ్."

"అలాగే బాబూ" అన్నాను.

ఆయన అటు వెళ్లగానే ఆ మూలే ముందు కడిగేశాను. ఒట్టంటే ఒట్టే!