బావ అడిగిన మాట

చక్కెర జబ్బు ముదిరి ముందుచర్మం పుళ్లు పడితే, పోయిన ఏడాది బరంపురంలో నాకు సున్తీ చేశారు. డెబ్బై దాటాక ఇదేం ఖర్మరా భగవంతుడా అనుకున్నాను గానీ, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరాను. మొదట్లో పంచె అంచు తగిలినా ప్రాణం జివ్వుమనేది. నెలలు గడిచేకొద్దీ బయటపడ్డ లోపలి చర్మం తడి ఆరి, కాస్త బిరుసెక్కి, మంట అణిగింది. బిరుసెక్కింది గానీ మొద్దుబారలేదు. అది తెలిసిన రోజున కూర్చుని ఏడ్చాను. నా ఈడువాళ్ల దగ్గర సిగ్గేముంది, ఏడ్చింది మా బావ కోసం.

కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, మా బరంపురం మద్రాసు నుంచి విడిపోయిన కొత్తలో, నేను ఆసుపత్రిలో కట్లు కట్టే పనికి కుదిరాను. మా అక్క పెనిమిటి ఆర్యపల్లిలో సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. ముందుచర్మం బిగుసుకుపోయి లోపల పుండు పడితే ఎన్నాళ్లో దాచి, చివరికి నా దగ్గరికి వచ్చాడు. ఆ చర్మం కోసేస్తే బతుకుతాడన్నాడు డాక్టరు. బావ ససేమిరా అన్నాడు. కులంవాళ్లు నవ్వుతారని భయం కాబోలు అనుకున్నాం. నవ్వేవాళ్ల నోళ్లు తాను మూయిస్తానని అక్క కాళ్లావేళ్లా పడింది.

ఆయన భయం అది కాదు. వల తాళ్లు లాగి లాగి ఆయన అరచేతులు, నిప్పుల మీద చేపను ఉత్తచేత్తో తిప్పినా తెలియనంతగా కాయలు కాచిపోయాయి. కూతురు పుట్టినప్పుడు బుగ్గ మెత్తదనం అరచేతికి అందక, చెయ్యి తిరగేసి వెనకవైపుతో తాకి మురిసిపోయేవాడు. ఆసుపత్రి అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “బామ్మర్దీ, తాడు రాసుకుని సెయ్యి ఇలగైపోనాది. రేపు గోచీ రాసుకుని అదీ ఇలగే సచ్చుబడిపోద్దేటి? మీ యక్క తగిలినా నాకు తెలీదేటి?” అన్నాడు.

నాకేం తెలుసు? డాక్టరును అడిగితే, ప్రాణం కంటే ఎక్కువా అని విసుక్కున్నాడు. అదే చెప్పాను. బావ లేచి ఊరికి వెళ్లిపోయాడు. వానల నాటికి పుండు గజ్జల్లోకి పాకింది. ఆ వాసనకు అక్క తప్ప ఎవరూ దగ్గర నిలవలేకపోయారు. ఆఖరి రోజుల్లో అక్క ఆయన అరచెయ్యి పట్టుకుంటే, తిరగేసి పట్టుకోమని సైగ చేసేవాడు.

ఇప్పటి డాక్టరు చిన్నపిల్ల. గొంతు తగ్గించకుండా ఒడియాలో అంతా విడమరిచి చెప్పింది: చర్మం కొంత ఎండుతుందట, కొందరికి స్పర్శ కాస్త తగ్గినట్టుంటుందట, చాలామందికి తేడాయే తెలియదట. ఈ నాలుగు ముక్కలూ ఆనాడు బావతో చెప్పే మనిషి లేకపోయాడు.

తెలుస్తుంది బావా, తగిలితే తెలుస్తుంది. అక్క కూడా పోయింది. ఈ మాట నేనిప్పుడు ఎవరికి చెప్పను?