పరుపు కింద ట్యాబ్

నాకు పరికరాల పిచ్చి ఉండేది. తాగుడూ పేకాటా లేని మనిషికి ఇదొక్కటే జబ్బు అని మా మేనత్త నలుగురిలోనూ అనేది. పాత ఫోన్లు, తెర పగిలిన ట్యాబ్‌లు, పుస్తకాలు చదవడానికి మాత్రమే పనికొచ్చే ఈ-రీడర్లు, ఏది చవగ్గా దొరికినా ఇంటికి తెచ్చి, వెనక మూత ఊడదీసి, లోపల ఏముందో చూసేవాణ్ణి. శ్రీకాకుళంలో మేం అద్దెకున్న మేడమీది వాటాలో ఒక అలమరా అంతా వాటికే సరిపోయేది. ఎచ్చెర్లలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోగానే ఆ అలమరా ముందు కూర్చునేవాణ్ణి.

మేనత్త కూతుర్నే చేసుకున్నాను. రెండుసార్లు గర్భం నిలవలేదు. మూడోసారి ఐదో నెల వచ్చేసరికి డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇక కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దంది. బాత్రూముకి తప్ప కాలు కింద పెట్టకూడదు, అదీ ఎవరో ఒకరు పట్టుకుని తీసుకెళ్లాలి. మేనత్త తన ఇంటికి తాళం వేసి మా దగ్గరికి వచ్చేసింది.

రోజంతా మంచం మీద ఉన్న మనిషికి ఎలా పొద్దుపోతుంది? మా ఆవిడకి నవలలు ఇష్టం. కానీ లావు పుస్తకం పట్టుకుని పడుకుంటే చేతులు లాగేసేవి. ముందు నా ఈ-రీడర్ ఇచ్చాను. బరువుండదు, కళ్లకు హాయి. కాకపోతే ఆ రోజుల్లో దాంట్లో తెలుగు సరిగ్గా వచ్చేది కాదు. ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కన పడేవి. కొన్నిచోట్ల అక్షరాలే ఉండేవి కావు, వాటి బదులు ఖాళీ డబ్బాలు. రెండు పేజీలు చూసి నా చేతిలో పెట్టేసింది.

"ఇది తెలుగేటి బావా? సదువుతుంటే అన్నంలో రాళ్లు తగిల్నట్టున్నాది."

అప్పుడు పాత ట్యాబ్ ఒకటి తీశాను. అందులో పుస్తకాల పేజీలు ఫొటోలుగా వస్తాయి కాబట్టి అక్షరం చెడిపోదు. దాని బ్యాటరీ మాత్రం గంటకే అయిపోయేది. బజారులో ఒక రిపేరు షాపుకి వెళ్లి పేరూ ఊరూ లేని బ్యాటరీ తెచ్చి నేనే బిగించాను. అది పాతదానికన్నా కాస్త మందంగా ఉంది. వెనక మూత సరిగ్గా కూర్చోలేదు. బొటనవేళ్లతో గట్టిగా నొక్కితే చివరికి టక్కుమంది. ఆ టక్కు విన్నప్పుడే నాలో ఏదో వద్దంది. వినలేదు.

"కొత్త బేటరీయేనా?" అని అడిగింది మంచం మీంచి.

"కంపెనీదే" అన్నాను.

నెలన్నర బాగానే నడిచింది. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో భోజనం చేసి సీట్లో కూర్చున్నానో లేదో, తను ఫోన్ చేసింది.

"బావా, ట్యాబు ఓ పక్కన లేచిపోతన్నాది. ఈపు పూరీలాగ పొంగింది."

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి కొంచెం కొంచెంగా. సదునవుతాదని అమ్మ సేత సార్జింగు పెట్టించి పరుపు కింద దూర్చినాను. నా బరువుకి నొక్కుకుంటాది గదా."

సీట్లోంచి లేచి నిలబడ్డాను. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదని, వేడెక్కనివ్వకూడదని, అలాంటిది అంటుకుంటే ఆరదని అందరికన్నా నాకే బాగా తెలుసు. ఆమె దాని మీద పడుకుని ఉంది. పరుపు బూరుగు దూదిది.

"అత్తేదీ?"

"బజారుకెల్లింది కూరలకి."

"కిందింటివాళ్లు?"

"పెళ్లికెల్లినారు. తాళం ఏసున్నాది. ఏటైంది బావా, గొంతలా ఉందేటి?"

స్విచ్చి తలుపు పక్కన ఉంది, అక్కణ్ణుంచి మంచందాకా పొడుగు వైరు. మంచం మీంచి చెయ్యి అందదు. లేవమంటే డాక్టరమ్మ వద్దన్న పని నా నోటితో చేయమన్నట్టు. వద్దంటే ఆ దూది మీదే ఉండమన్నట్టు. ఎదురుగా తెరిచి ఉన్న ఫైలు మూశాను, మళ్లీ తెరిచాను.

"మాటాడవేటి? లెగమంటావా, వద్దా? సెప్పు."

"అది... అంటుకోవచ్చు" అన్నాను, అంతే.

అటువైపు మంచం కిర్రుమంది. "ఫోను పెడతన్నాను. నువ్వు రా" అంది.

ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి బండి తీశాను. రోడ్డు మీద లారీల మధ్య ఎలా వెళ్లానో నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా రెండుసార్లు బండి పక్కకు ఆపి ఫోన్ చేయడం, రెండుసార్లూ అది మోగి మోగి ఆగిపోవడం. రెండోసారి ఆగాక, ఇంకోసారి చేయాలంటే భయమేసింది. మోగినంతసేపూ ఇల్లుందని అనుకోవచ్చు. అసలు మోగకపోతే? నాగావళి వంతెన మీద నుంచి మా వీధి వైపు చూశాను, పొగ కనిపిస్తుందేమోనని. ఎక్కడో కాస్త పొగ ఉంది. అది మా ఇంటిది కాదని తెలిసేదాకా బతికి లేను.

మెట్లెక్కుతుంటేనే వాసన ముక్కుకి కొట్టింది. ప్లాస్టిక్ కాలిన వాసన, దానితో కలిసి ఏదో వెగటు తీపి. తలుపు తీసే ఉంది. బాల్కనీ గచ్చు మీద ట్యాబ్ నల్లగా మాడి, రెండుగా విచ్చుకుని పడి ఉంది. ఇంకా సన్నగా పొగ వస్తోంది. మా ఆవిడ గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కింద కూర్చుంది. చేతికి దిండు గలీబు చుట్టుకుని ఉంది. రెండో చెయ్యి పొట్ట మీద.

"ముందు స్విచ్చి తీసేసినాను. బాల్కనీలోకి ఇసిరేసినాక మంట లేసింది బావా, ఇంతెత్తు. ఇప్పుడు నడుం పట్టేసింది. కదల్లేకపోతన్నాను."

అప్పుడే కూరల సంచితో వచ్చిన మేనత్త మెట్ల మీద నిలబడిపోయింది. "ఏటిరా ఇది? ఏటి సేసినావురా?" అంది. సంచి అక్కడే వదిలేసి ఆటో కోసం పరుగెత్తింది.

డాక్టరమ్మ తనని బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద చిన్న యంత్రం పెట్టి బిడ్డ గుండె చప్పుడు కోసం వెతికింది. అక్కడ లేదు. ఇంకో పక్కకి జరిపింది. అక్కడా గరగర తప్ప ఏమీ లేదు. మా ఆవిడ కప్పుకేసి చూస్తోంది. మేనత్త నా జబ్బ పట్టుకుంది, గోళ్లు దిగాయి. మూడోచోట వినిపించింది, గుర్రం పరుగెత్తుతున్నట్టు. డాక్టరమ్మ అప్పుడు నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు ఎంత బాగున్నాయో చెప్పలేను.

రెండు రోజులు అక్కడే ఉంచారు. రెండోరోజు మేనత్త టిఫినుకి వెళ్లినప్పుడు ఆ బ్యాటరీ కంపెనీది కాదని చెప్పేశాను.

"తెలుసు" అంది.

"ఎలా?"

"మూత నొక్కినప్పుడు నీ మొకం సూసినాను."

"మరి ఎందుకు వాడావు?"

"నువ్వు సెప్పినావు గదా బావా, కంపెనీదని." ఆమె మొహంలో కోపం లేదు. కోపం ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి.

వారం తర్వాత ఆ రిపేరు షాపుకి వెళ్లాను. జరిగింది చెబితే అతను అయ్యయ్యో అన్నాడు. బల్ల కింద నుంచి అట్టపెట్టె తీసి చూపించాడు. అలాంటివే ఇంకా ఉన్నాయి.

"మరెవరూ ఏటీ అన్నేదు సార్."

"ఎవరెవరికి వేశావు?"

"అదెలా గుర్తుంటాది?"

పెట్టె పారేయమని చాలాసేపు బతిమాలాను. సరే సరే అన్నాడు. బయటికొచ్చాక మాత్రం నమ్మకం కలగలేదు. బట్టల కొట్టు మెట్ల మీద ఒకావిడ ఒడిలోని పాపకి ట్యాబ్‌లో బొమ్మలు చూపిస్తోంది. ఆగి, దాని వెనక మూత ఎలా ఉందో చూడాలని వంగాను. ఆవిడ పాపని దగ్గరికి లాక్కుని నన్ను ఎగాదిగా చూసింది.

అలమరా ఖాళీ చేశాను. బ్యాటరీలు ఉన్నవన్నీ ఇసుక పోసిన బకెట్లో పెట్టి మరీ బయటికి చేర్చాను.

ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. ఆడపిల్ల. మరీ చిన్నగా ఉందని అద్దాల పెట్టెలో పెట్టారు. మొదటిసారి చూడటానికి పంపినప్పుడు ఆ పెట్టె చుట్టూ ఉన్న వైర్లు, వెలుగుతూ ఆరుతున్న అంకెలు, వెనక గోడలోకి వెళ్లిన ప్లగ్గు, ఇవే కనిపించాయి. లోపల ఎంత వేడి ఉంది, కరెంటు పోతే దేనిమీద నడుస్తుంది, ఆ మూత ఎవరు బిగించారు. వంగి పెట్టె వెనక్కి చూస్తూ ఉండిపోయాను.

నర్సు నా భుజం తట్టింది.

"ఏటి బాబూ, అక్కడేటి సూత్తన్నావు? పాప ఇటున్నాది."