జోడు గంట

రాంగోపాల్‌పేటలో నా దర్జీ దుకాణానికి ఎదురుగా మౌలా అలీ గంటల కొట్టు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చుంటున్నాం. రోడ్డు దాటి టీ తాగడానికి ఆయనే రావాలి, నేను పోను. ఓంప్రకాశ్‌కు పొగరు అని గల్లీలో నా గురించి అంటారు. అననీ.

ఆయన చేసేవి పశువుల మెడలో కట్టే కంచు గంటలు. ఈ కాలంలో ఎవరు కొంటారండీ? అయినా నాలుగు జిల్లాల నుంచి పశువుల కాపర్లు సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి, అడ్రసు అడుక్కుంటూ వస్తారు. ఎందుకంటే ఆయన గంట మోత ఇంకో గంటకు రాదు. ఒక్కో మందకు ఒక్కో మోత. ఎప్పుడూ రెండు గంటలు పోస్తాడు, రెండూ ఒక్కలాగే మోగేదాకా అంచును ఆకురాయితో అరగదీస్తాడు. ఒకటి పశువు మెడకు పోతుంది, రెండోది కొట్టులో మేకుకు వేలాడుతుంది. దాన్ని జోడు అంటాడు. పశువు చనిపోతే గంట తెచ్చి ఇవ్వాలి, అప్పుడు రెండూ కలిపి కరిగిస్తాడు. ఒకటి లేకుండా రెండోదాన్ని కరిగించడు, అమ్మడు. "ఇదేం పిచ్చి?" అని నేను ఎన్నోసార్లు ఎగిరాను. నవ్వి మళ్ళీ అరగదీస్తూ కూర్చుంటాడు.

పోయిన చలికాలం బుచ్చమ్మ వచ్చింది. బొగ్గు గనుల దగ్గరి ఊరు ఆమెది. నలభై ఐదేళ్ళుంటాయి. మేకుల వరసలో తన మంద జోడు గంటను చూసి గుర్తుపట్టింది, కానీ ముట్టుకోలేదు.

ఆమె చెప్పింది ఇది. వాళ్ళ ఊరి బీడు కింద ఎప్పుడో బొగ్గు తీసి వదిలేసిన గని ఉంది. అంతకుముందు వానాకాలంలో, బర్రెలు మేస్తుండగా ఆ బీడు కుంగింది. మూడు బర్రెలు లోపలికి పోయాయి. వాటిలో ఒకటి మందకు ముందు నడిచే, గంట కట్టిన బర్రె. మేపడానికి పోయిన ఆమె భర్త పర్వతాలు ఆ సాయంత్రం ఇంటికి రాలేదు. గని ఆఫీసు వాళ్ళు లారీలతో మట్టి తెచ్చి గుంత పూడ్చేశారు. మూడు పశువులు అని రాసుకున్నారు. మనిషిని ఎవరూ చూడలేదు కాబట్టి మనిషి లేడన్నారు. ఎటో లేచిపోయి ఉంటాడని ఊళ్ళో అనుకున్నారు.

"పొద్దుగూకేటప్పుడు భూమిల నుంచి గంట వినవడ్తున్నదన్నా," అంది బుచ్చమ్మ. "ఫోన్ల రికార్డు చేసిన, గాలి మోతే వచ్చింది. నీ గంటనో కాదో నువ్వొచ్చి చెప్పాలె. నువ్వు జెప్తే నమ్ముత."

ఆమె కాళ్ళకు మట్టెలున్నాయి. మాట్లాడినంతసేపూ కుడికాలి బొటనవేలితో ఎడమ మట్టెను రుద్దుతూ ఉంది. ఆమె అడిగింది గంట సంగతి కాదని నాక్కూడా అర్థమైంది. తనకు మొగుడున్నాడా లేడా అని అడుగుతోంది.

మౌలా అలీకి మోకాళ్ళ నొప్పులు. ఆయన భార్య బానో ఒంటరిగా పంపనంది. తోడు నేను వెళ్ళాను. దయ్యాలూ భూతాలూ అంటే ఒళ్ళు మండే మనిషిని, ఈ తమాషా ఏందో చూద్దామనే వెళ్ళాను.

రైలు దిగి ఆటోలో ఆ బీడు చేరేసరికి ఎండ పచ్చబడింది. అక్కడ నేల మధ్యలో పళ్ళెంలా దిగిపోయి ఉంది. కంచె రాళ్ళన్నీ లోపలివైపు వంగాయి. ఊరి బావి ఒక్క వారంలో ఎండిపోయిందట, తొంగి చూస్తే అడుగున బురద కూడా లేదు. పూడ్చిన చోట నేల మళ్ళీ నెర్రెలు విచ్చింది. వాటిలోంచి వెచ్చటి ఆవిరి సన్నగా వస్తోంది. నెర్రెల పక్కన గడ్డి మోకాలెత్తు పెరిగింది, మిగతా బీడంతా ఎండి ఉంది. ఆ పచ్చగడ్డికి నాలుగు గజాల దూరంలో బుచ్చమ్మ బర్రెలు వరసగా నిలబడ్డాయి. ఒక్కటి కూడా మూతి పెట్టలేదు. అన్నీ ఒకేవైపు చూస్తున్నాయి. నాకు చెమట పట్టింది, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

పొద్దు కుంకుతుండగా మౌలా అలీ నేలకు చెవి ఆనించాడు. నేనూ ఆనించాను. నేల జ్వరం వచ్చిన ఒంటిలా వేడిగా ఉంది. నాకేమీ వినపడలేదు. తల తిప్పి చూస్తే ఆయన మొహంలో రంగు లేదు. కుడిచెయ్యి తనంతట తనే గాల్లో కదులుతోంది. మూడుసార్లు ఊగి ఆగింది. మళ్ళీ మూడుసార్లు.

ఆయన లేచి మట్టి దులుపుకున్నాడు. బుచ్చమ్మ కాళ్ళవైపు ఒకసారి చూశాడు.

"నా గంట కాదు చెల్లె. కింద నీళ్ళు గిట్ల కదులుతుంటయి, అంతే."

ఆమె నావైపు తిరిగింది. "నాకేం వినపడలేదమ్మా," అన్నాను. అది అబద్ధం కాదు.

 తిరిగొచ్చాక నాలుగు నెలలు మా టీ మాటల్లో ఆ బీడు రాలేదు. ఒకటి మాత్రం గమనించాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆయన ఆ జోడు గంటకు గుడ్డ చుట్టి ఉంచేవాడు.

ఎండాకాలంలో బుచ్చమ్మ మళ్ళీ వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. చేతిలో పెద్ద దవాఖానా చీటీలున్నాయి.

"చెవుల డాక్టరుకు చూపెట్టుకున్న. చెవులు మంచిగనే ఉన్నయట. ఇగ తలకాయ డాక్టరు దగ్గరికి పొమ్మన్నరు." ఆమె నవ్వబోయింది. "నువ్వు కాదంటివి గద అన్నా. మరి నాకు దినాం వినవడ్తున్నది. మూడుసార్లు మోగి ఆగుతది. పిచ్చి లేసిందని మా ఆడబిడ్డ తాళం ఏస్తున్నది. నాకు సుత అట్లనే అనిపిస్తున్నది."

మౌలా అలీ పీట మీద కూలబడ్డాడు. 

"నీకు పిచ్చి లేదు. నేను అబద్ధమాడిన," అన్నాడు. "అది నా గంటనే. బర్రె మెడల మోగితే అట్ల మోగదు, చిందరవందరగ మోగుతది. అది చేత్తోటి మోగించిన గంట. నీ కాళ్ళ మట్టెలు చూసి నాకు నోరు రాలేదమ్మా. మాఫ్ చెయ్యి."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలాకాలం తర్వాత ఊపిరి అందినట్టు గోడకు ఆనుకుంది.

"నీ గంటనే అని నాకు మొదటి దినమే ఎరుకన్నా. నా పెనిమిటి పొద్దుగూకితే బీడు అంచున నిలవడి, గంట ఇప్పి మూడుసార్లు కొడ్తుండె. వస్తున్న, నీళ్ళు కాగవెట్టు అని. నేను తలుపుల నిలవడి కేకేస్తుంటి." ఆమె దవాఖానా చీటీలు మడిచి కొంగున కట్టుకుంది. "నేను ఒక్కదాన్నే వింటున్ననా, ఇంకొకరికి సుత వినవడ్తదా అని నిన్ను తోల్కపోయిన. ఇంకో మనిషి విన్నడంటే చాలు అనుకున్న."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముప్ఫై ఏళ్ళ మిషన్ మోతకు నా చెవులు ఎప్పుడో చెడ్డాయి. వినపడలేదన్న నేను ఆ సంగతి కూడా చెప్పి ఉంటే, ఆమె ఈ నాలుగు నెలలు తాళం వెనక గడపకపోయేది. ఎదుటివాళ్ళ మీద ఎగిరే నోరు అప్పుడు ఏమైందో!

మౌలా అలీ లేచి, జోడు గంటకు చుట్టిన గుడ్డ విప్పాడు. మేకు నుంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ముప్ఫై ఏళ్ళలో జత లేకుండా ఒక్క జోడు ఆ కొట్టు దాటడం నేను చూడలేదు.

"ఆయన పిలుస్తున్నడు. జవాబియ్యి," అన్నాడు.

మర్నాడు పొద్దుగూకాక మౌలా అలీ ఫోన్ మోగింది. ఆయన నాకు చెయ్యూపి స్పీకర్ పెట్టాడు. రోడ్డు దాటి నేనే ఆయన కొట్టుకు పోయి కూర్చున్నాను.

"కింద మోగంగనే పైన నేను సుత మూడుసార్లు కొట్టినన్నా," అంది బుచ్చమ్మ. "మళ్ళ మోగలే. బర్రెలు పొయ్యి ఆ గడ్డి మేస్తుంటే నేల కుంగుతదేమోనని భయమయ్యి మళ్ళగొట్టుకొచ్చిన."

అటు నుంచి పొయ్యిలో కట్టెల చిటపట వినిపించింది. అది నాకూ వినిపించింది.

"నీళ్ళు కాగవెట్టిన," అంది. "కాగినయి. ఇప్పుడే మట్టెలు తీసిన."