ఊపి చూసే వీరసామి

చేతికందిన దేన్నైనా ఒకసారి ఊపి చూడకపోతే కోవిల్‌పట్టి వీరసామికి అన్నం సహించదు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపులో, లేత్ ముందు ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి. బిగువు తప్పి కదిలే ఏ వస్తువైనా ఆయనకు పగవాడే. ఆ కదలికను ‘ఆట్టం’ అంటాడు. బస్సెక్కితే సీటు కడ్డీ ఊపుతాడు, టీ అంగట్లో బెంచీ ఊపి తిడతాడు. బంధువులింటికి పోతే కుర్చీ ఊపి గాని కూర్చోడు. కూతుర్ని చూడవచ్చిన పెళ్ళికొడుకు చెయ్యి కలిపితే, మణికట్టు రెండుసార్లు ఊపి, "ఆట్టం లేదు, ఖాయం చేసుకోవచ్చు" అన్నాడు. ఆ అల్లుడు ఇప్పటికీ మామగారికి దూరం నుంచే దండం పెడతాడు.

ఇలాంటి మనిషితో 2006లో, వరసకు బావ అయిన వడ్రంగి రామసుబ్బుకు పనిపడింది. తలుపుల మీద నగిషీ చెక్కడంలో రామసుబ్బుకు చుట్టుపక్కల మంచి పేరు. ఆ ఏడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది, ఉలి మాట వినడం మానేసింది. సంగతి బయటపడితే ఇక ఎవరూ పని ఇవ్వరని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఏళాయిరంపన్నై గోకులకృష్ణన్ కొత్తింటి సింహద్వారానికి తామరలు చెక్కే పని అప్పటికే ఒప్పుకున్నాడు. ఆవణిలో, అంటే మన శ్రావణమాసంలో గృహప్రవేశం.

సరిగ్గా అప్పుడే వీరసామి, ఎవరూ అడక్కుండానే, "బావా, కంప్యూటర్ సెప్తే చెక్క చెక్కే మిషను ఉండాదంట. మనమే చేద్దాం" అన్నాడు. రామసుబ్బు ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

మోటార్లు దొరికాయి, చట్రం తయారైంది. చెక్కే తలను ముందుకూ వెనక్కూ నడిపే మర, అదే పొడవాటి స్క్రూ కడ్డీ, దగ్గర బండి ఆగిపోయింది. మొదట హార్డ్‌వేర్ అంగట్లో దొరికే మామూలు మర కడ్డీ వేశారు. తామర చెక్కమంటే కోడిగుడ్డు చెక్కింది.

"దిక్కు మారినప్పుడల్లా నట్టులో ఆట్టం ఉండాది," అన్నాడు వీరసామి.

"వెంట్రుకవాసికి ఏంటికి బావా ఇంత రచ్చ?"

"ఆ వెంట్రుకవాసే నీ తామరను చెడగొట్టేది. ఇది వద్దు. వేరేది తెద్దాం."

అప్పటినుంచి ప్రతి ఆదివారం విరుదునగర్ ప్రయాణం. పాత ఇనుప సామాన్ల మునియాండి అంగట్లో వీరసామి ఊపని మర లేదు. ఏడో ఆదివారం మునియాండి చేతులు జోడించి, ఇంకా ఊపితే అంగడి పైకప్పు కూలుతుందని తమిళంలో మొత్తుకున్నాడు. వీరసామి తలెత్తి కప్పు దూలం వంక అదోలా చూశాడు. మునియాండి వెంటనే నిచ్చెన తీసి దాచేశాడు.

ఎనిమిదో ఆదివారం పాత లేత్ మర ఒకటి కంటపడింది.

"ఇది అరిగిపొయ్యిండాదే," అని పెదవి విరిచాడు రామసుబ్బు.

"లేత్ కాడ అందురూ ఒక కొసనే పని చేసేది బావా. అరిగేదీ ఆ కొసే. ఇట్టా దా, ఈ పక్క తడిమి చూడు. కొత్తపెండ్లికూతురు మాదిరి ఉండాది."

అరగని సగం కోయించాడు. కంచు నట్టును రెండుగా చేసి, మధ్యన స్ప్రింగు పెట్టి బిగించాడు. ఊపాడు. మళ్ళీ ఊపాడు. ఈసారి ఆట్టం లేదు.

కొత్త మర బిగించి మిషను నడిపే రోజున గోకులకృష్ణన్ చెప్పాపెట్టకుండా దిగాడు.

"మేస్త్రీ, తామర ఎట్టా వస్తాదో ఒక గీత గీసి సూపియ్యండి."

రామసుబ్బు తప్పించుకోలేక బల్ల దగ్గరికి పోయాడు. పెన్సిల్ పట్టుకుంటే గీత వంకర్లు పోయింది. గోకులకృష్ణన్ నొసలు ముడిపడింది.

వీరసామి ఒక్క ఉదుటున వచ్చి బల్ల పట్టుకున్నాడు. "ఈ బల్లకు ఆట్టం. దీని మింద ఎవురు గీసేది?"

అది రామసుబ్బు సొంత చేతులతో చేసిన టేకుబల్ల, నలుగురు తోసినా కదలదు. బల్ల ఊగకపోయేసరికి వీరసామి తనే ఊగుతూ, పైనున్న పెన్సిళ్ళన్నీ కిందపడేదాకా వదల్లేదు. గోకులకృష్ణన్ కడుపు పట్టుకుని నవ్వాడు.

"నీ గురించి ఊళ్ళో సెప్పేది నిజమేనప్పా. గీత వద్దులే, మిషనే నడపండి."

రామసుబ్బు మాత్రం నవ్వలేదు. టీ అంగట్లో తన గ్లాసు తొణికినప్పుడల్లా ఈ మనిషి బెంచీని ఊపి ఎందుకు తిట్టేవాడో అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ అందరూ వీరసామిని చూసి నవ్వుతూ కూర్చున్నారు, తన చేతి వంక ఎవరూ చూడలేదు. అంత ప్రేమ ఆయన్ను ఒక్కసారిగా కమ్మేసింది.

మిషను తిరిగింది. తామర గుండ్రంగా, రేకుకు రేకు కలుస్తూ వచ్చింది. గోకులకృష్ణన్ దాన్ని వేలితో తడిమి మురిసిపోయాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అంతా బాగుండాది మేస్త్రీ. ఆ బల్ల మాత్రం మార్చెయ్యండి" అన్నాడు.

తన పనితనాన్ని ఒక్క మాటంటే మీదపడి పోట్లాడే రామసుబ్బు, వీరసామి వంక చూశాడు. వీరసామి తలుపు గొళ్ళెం ఊపి చూసుకుంటున్నాడు.

"ఔనయ్యా," అన్నాడు రామసుబ్బు. "దాన్ని చేసినోడు ఎవుడో గాని, సరిగ్గా బిగించలేదు."