సగం రేటుకి దొరికిన మందు

మా మేనమామ కొడుకు ఓడలో పని చేస్తాడు. రెండేళ్ళుగా ఏ దేశం రేవులో దిగినా మందుల షాపుకెళ్ళి, మా అమ్మ క్యాన్సర్ మాత్రల చీటీ ఫోనులో చూపించి, రేటు కనుక్కుని నాకు పంపేవాడు. అన్నిచోట్లా మన వైజాగ్ కంటే ఎక్కువే. ఈ రోజు సాయంత్రం కూర్మన్నపాలెంలో బస్సు దిగుతుంటే ఫోన్ చేశాడు.

"బావా, ఇక్కడ సగం రేటే! అత్తకి మూడు నెలలకి కొనీసినాను."

పొద్దున డాక్టరు ఆ మాత్రలు ఆపేయమన్నారని, ఇష్టమైనవి వండి పెట్టమన్నారని చెప్పాను.

"సగమే బావా," అన్నాడు మళ్ళీ.

"సరే, తెచ్చీ బావా," అన్నాను.

ఏడుపేమీ రాలేదు. ఆ మందు వాడేవాళ్ళు మీకు తెలిసి ఎవరైనా ఉంటే చెప్పండి. మూడు నెలలకి సరిపడా వస్తోంది.